షిఫ్ట్ నొక్కితే బ

"మా పాపకు తెలుగు రాసేది, చదివేది అంతా బాగా వచ్చును" అని రాజేంద్రన్ హోసూరు సంబంధం వాళ్ళకు చెప్పేశాడు. వాళ్ళు బస్సెక్కాక కూతురి ముఖం చూశాడు.

"ఏం నాయినా, మనింట్లో తెలుగు చదివేవాళ్ళు ఎవురున్నారు?" అంది కీర్తిక.

"ఎవురూ లేరు. అందుకే ధైర్యంగా చెప్పినాను."

తమిళనాడు మారండహళ్ళిలో వాళ్ళది తరతరాల తెలుగిల్లు. తిట్టుకోవడం తెలుగులో, చదువుకోవడం తమిళంలో. కీర్తిక టైపింగ్ సెంటర్లో పనిచేస్తుంది. తమిళమైతే కీబోర్డు వంక చూడకుండా కొట్టేస్తుంది. తెలుగు అక్షరాలు మాత్రం ఆమెకు జిలేబీ చుట్టలే.

అబ్బాయి తల్లి శశికళ తెలుగు టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఆమెది ఒకటే షరతు. కోడలికి తెలుగు రావాలి, మనవళ్ళకైనా మన అక్షరాలు మిగలాలి.

కీర్తికకేమో ఈ సంబంధం వదులుకోవాలని లేదు. పెళ్ళిచూపుల్లో కరెంటు పోతే, అబ్బాయి మణివణ్ణన్ తాంబూలం పళ్ళెం అందుకుని ఆమె అవ్వ పిల్లమ్మకు విసిరాడు. గాలి అవ్వకు తగిలింది, మనసు మనవరాలిది కదిలింది.

వారం తిరక్కుండానే హోసూరు నుంచి ఒక మెయిల్ అడ్రసు వచ్చింది. అమ్మాయిని దీనికి నాలుగు మాటలు తెలుగులో రాయమనండి అని కబురు.

కీర్తిక ముందు ఫోన్‌తో మాట్లాడి, విన్నది అదే తెలుగులో రాస్తుందేమో చూసింది. వాళ్ళింటి తెలుగు ఆ ఫోనుకు తెలుగులా వినిపించలేదు. ఇక లాభం లేదని సెంటర్ కంప్యూటర్లో కీలే మార్చేసింది. తమిళ అక్షరం ఉన్న ప్రతి కీకి అదే శబ్దం పలికే తెలుగు అక్షరం పెట్టింది. తమిళం కొట్టినట్టే కొట్టింది. తెర మీద జిలేబీలు వరసగా పడ్డాయి.

'మణివణ్ణన్ గారూ, మా ఇంట్లో నేను ఒక్కటే బిడ్డను. పెళ్ళి దండ కలలోకి వస్తోంది' అని రాశాననుకుంది. పంపేసింది.

జవాబు వచ్చింది. కంప్యూటరే దాన్ని పైకి చదివింది.

"మణివణ్ణన్‌కు కారు లేదు. బండి ఉంది, అందులో పెట్రోలు ఉండదు. నువ్వు పిట్టవైనా మాకు సమ్మతమే. పెళ్ళి తంటా అన్నావు చూడు, అది మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం."

కీర్తికకు అనుమానం వచ్చి తను రాసిందీ చదివించింది. తల కొట్టేసినట్టయింది. తమిళంలో ప, బ రెండింటికీ ఒకటే అక్షరం. క, గ అంతే. త, ద అంతే. ట, డ అంతే. ఒక్కో కీకి ఒక్కో అక్షరమే పెట్టింది కాబట్టి గారు కారైంది, బిడ్డ పిట్టయింది, దండ తంటయింది.

దాచి లాభం లేదనుకుంది. ఉన్నదంతా రాసేసింది. తనకు తెలుగు చదవడం రాదనీ, కీలు మార్చి నెట్టుకొస్తున్నాననీ, ఈ సంగతి అత్తకు మాత్రం చెప్పొద్దనీ.

"నేను పోయి ఎవరికీ చెప్పనులే" అని వచ్చింది జవాబు. "ప కీని షిఫ్ట్‌తో నొక్కితే బ పడేట్టు పెట్టుకో. రోజుకొక్క కీ చాలు. పెట్టిన అక్షరాన్ని కాగితం మీద పదిసార్లు రాయి."

టీచరమ్మ కొడుకు కదా, ఆ వాసన ఎక్కడికి పోతుంది అని నవ్వుకుంది కీర్తిక. కానీ పదిసార్లూ రాసింది. మరుసటి రోజు గ. ఆ తర్వాత ద. కీలు కుదిరేకొద్దీ కబుర్లు పెరిగాయి. ఆ జవాబుల కోసం ప్రాణం కొట్టుకోవడం మొదలైంది. ఇంత నవ్వించే మనిషి పెళ్ళిచూపుల్లో నోరెందుకు విప్పలేదో ఆమెకు అర్థం కాలేదు.

ఒకరోజు ధైర్యం చేసి అడిగేసింది. "నిజం చెప్పండి, మీ అమ్మ అంత కఠినమా? ఆ కళ్ళద్దాలు చూస్తేనే నాకు భయమేసింది."

ఈసారి జవాబు ఆలస్యంగా వచ్చింది. "ఆమెకు నోరు ఎక్కువే. పప్పులో ఉప్పు తగ్గినా పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దుతుంది. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పే పిల్లలంటే ఇష్టం."

నిశ్చయం నాడు హోసూరు వాళ్ళు వ్యానులో దిగారు. టిఫిన్లయ్యాక శశికళ కళ్ళద్దాలు సర్దుకుని, అందరి ముందూ ఒక తెల్లకాగితం చాపింది.

"లగ్నపత్రిక నీ చేత్తోనే రాయి పాపా. మేము చెప్తాము."

రాజేంద్రన్ తాగుతున్న కాఫీ పంచె మీద ఒలకబోసుకున్నాడు. కీర్తిక సాయం కోసం మణివణ్ణన్ వైపు చూసింది. అన్నీ తెలిసిన మనిషి, ఒక్క మాటైనా అడ్డం వేయకపోతాడా అనుకుంది. అతను కాళ్ళ కింద చాపలో పుల్లలు పీక్కుంటున్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది.

"నాకు రాదత్తా" అంది. "నాయిన అబద్ధం చెప్పినాడు. నేను కీలు మార్చి రాసినాను. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటా ఉండాను. మీ అబ్బాయికి అంతా తెలుసును."

పిల్లమ్మ నోట్లో వక్క అట్లాగే ఉండిపోయింది. శశికళ లేచి వచ్చి, కీర్తిక చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది. సంబంధం చెడిందని రాజేంద్రన్ తల పట్టుకున్నాడు.

వంటింట్లో ఆ చెయ్యి మాత్రం వదల్లేదు. వంగి, కీర్తిక చెవిలో చెప్పింది.

"వాని పక్క చూస్తే ఏమొస్తుందే, వానికి తెలుగు ఒక్కక్షరం రాదు, ఆ జవాబులన్నీ నేను రాసినవే."