జున్నుకి షుగర్ వచ్చింది

పిల్లికి షుగర్ వచ్చిందని డాక్టరు చెప్పినందుకు సత్యవేణి అంతగా బెంబేలెత్తలేదు. ఆ మాట ఇంటికొచ్చి అనడమే పొరపాటైపోయింది. కాకినాడలో ఇప్పుడు ఎవరింట్లోనైనా వంటిల్లు రోబోదే. అలమర తలుపులు మనిషి చేతికి తెరుచుకోవు. ఆమె ఫోనులో అక్కతో "జున్నుకి షుగర్ వచ్చిందే" అనగానే రోబో చెంచాడు పంచదార తెచ్చి పిల్లి గిన్నెలో పోసింది.

"ఇదేంటే, నీ మొహం!"

"ఆయ్, షుగర్ వచ్చిందన్నారు కదండీ."

"ఇకమీదట ఎవరికీ పంచదార వెయ్యకు!" అని గదిమింది సత్యవేణి. ఆ దెబ్బతో రోబో ఆమె కాఫీలో పంచదార మానేసింది. కానీ షుగర్ వచ్చిందన్న మాట వినపడితే చాలు, చెంచాతో ప్రత్యక్షం. పరామర్శకి ఎవరొచ్చినా ఆవిడ పిల్లి గిన్నెకు చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చునేది.

ఆదివారం ఇన్సులిన్ ఇంజెక్షన్ అయ్యాక జున్ను తిండి ముట్టలేదు. కాసేపటికి ఆమె ఒళ్ళో వాలిపోయి వణకసాగింది.

"ఒసే, షుగర్ పడిపోయిందే!"

రోబో చీపురు తెచ్చింది. "ఎక్కడ పడిందండీ?"

"పంచదార తేవే తల్లీ!"

"ఎవరికీ వెయ్యొద్దన్నారు కదండీ."

సత్యవేణి జున్నుని చంకనేసుకుని అలమర తలుపు లాగింది. అది కదల్లేదు. అంతలో, ఇన్నాళ్ళూ తన ప్రాణం తోడేసిన ముక్కే గుర్తొచ్చింది.

"జున్నుకి షుగర్ వచ్చింది!" అని గొంతు చించుకుంది.

చీపురు పారేసి రోబో చెంచాతో పరుగెత్తుకొచ్చింది. ఆమె పంచదార తడిపి పిల్లి చిగుళ్ళకు రాసింది. కాసేపటికి జున్ను కళ్ళు తెరిచి ఆమె వేలు కసుక్కున కొరికింది.

సత్యవేణి చల్లారిపోయిన చేదు కాఫీ చేతిలోకి తీసుకుంది. రోబో వైపు చూసి, "నాకూ షుగర్ వచ్చింది" అంది.