లవంగం పూసేదాకా

ఇలా దగ్గరికి జరగండి. గుసగుసలు ఆపండి. ఆ బీడీ ఆర్పెయ్, దగ్గు మధ్యలో కథ చెప్పడం నా వల్ల కాదు.

డెబ్బై అయిదులో మాట. జాంజిబార్‌లో లవంగ తోటలు పోగొట్టుకుని ఒమన్‌కు తిరిగొచ్చిన ఒక ముసలి అర్బాబ్, అంటే యజమాని, ఇక్కడే మళ్లీ లవంగం పండిస్తానని పట్టుబట్టాడు. ఎక్కడ? ఎండకు కాకి నీడ కూడా మాడిపోయే చోట! వెయ్యి మొక్కలు ఓడలో దింపాడు. ఆర్మూరు పసుపు రైతు దేవయ్యనూ, అతని తోడల్లుడు మల్లేశాన్నీ పనిలో పెట్టుకున్నాడు. ఇద్దరి పాస్‌పోర్టులూ పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

తోటలో ఆ ముగ్గురే. అర్బాబ్ నోరు మూతపడేది కాదు. అరబ్బీ నేర్చుకోవాలని దేవయ్య ఒక్క ముక్క వదల్లేదు. నీళ్లంటే మాజీ. లవంగమంటే కరఫూ. మెల్లగా అనాలంటే పోలె పోలె. రెండేళ్లలో అర్బాబ్‌తో పోట్లాడేంత వచ్చేసింది.

అప్పుడొచ్చింది ఉత్తరం. భార్య సత్తవ్వకు జబ్బు ముదిరింది, చూడాలంటే వెంటనే బయల్దేరమని.

దేవయ్య అర్బాబ్ కాళ్లు పట్టుకున్నాడు.

"చెట్లు పూశాక వెళ్లు," అన్నాడు అర్బాబ్.

లవంగం పూయాలంటే ఏడేళ్లు. తొమ్మిది వందల మొక్కలు అప్పటికే పొయ్యిలోకి పోయాయి.

"మస్కట్ల పెద్దాఫీసరు ఉన్నడట. పోయి మొర పెట్టుకుంట," అన్నాడు దేవయ్య.

"లారీ నడిపే అజ్మత్‌ను ఎంబడి తీస్కపో అన్నా. ఆయనకు ఉర్దూ వస్తది, అరబ్బీ వస్తది," అన్నాడు మల్లేశం.

"నడుమ ఆయనెందుకు తమ్మీ? నా గోస నా నోటితోని చెప్తెనే ఆఫీసరు దిల్ కరుగుతది. రెండేండ్ల సంది నేర్సుకున్నది గిందుకే గదా!"

ఆఫీసరు ముందు నిలబడి గంటసేపు చెప్పాడు. సత్తవ్వ ఆయాసం, పెట్టెలో పాస్‌పోర్టు, ఎండిన మొక్కలు, ఎక్కడా తడబడలేదు. చెబుతూ చెబుతూ ఏడ్చాడు. పైనున్న ఫ్యాను కూడా తిరగడం ఆపి విన్నది. ఆఫీసరు మాత్రం గోడలా కూర్చున్నాడు.

చాయ్ తెచ్చినాయన కప్పు బల్ల మీద పెట్టి, దేవయ్యను జాలిగా చూసి అన్నాడు: "ఇది అరబ్బీ కాదు సాబ్, మా గల్లీలో జాంజిబార్ నుంచి వచ్చినవాళ్లు మాట్లాడే భాష, పాపం ఇంటి మీద బెంగ పెట్టుకున్నట్టున్నాడు, రేపటి ఓడలో జాంజిబార్‌కు ఎక్కించెయ్యండి!"