వంకర కుట్టు

దారం మూడోసారి కూడా సూది పక్కనుంచే పోయింది.

“పెద్దమ్మా, సూదికి బెజ్జం అని ఒకటుంటుంది. అందులోంచి పోవాలి,” అంది కుట్టు నేర్పే పిల్ల, గదంతా వినేలా. మెడలో కొత్త గుర్తింపు కార్డు. కార్డుతో పాటు నోరు కూడా ఇస్తారు కాబోలు.

బల్ల వెనక అధికారి నవ్వాడు. మిషను ముందు కూర్చున్న ఆమెకు ఒళ్లు మండిపోయింది.

ఊళ్లోని బట్టల కంపెనీ మూతపడి ఎనిమిది నెలలు. ఊళ్లో ప్రతి ఇంటి పొయ్యీ దాని మీదే వెలిగేది. ఇప్పుడు ఊరిని మళ్లీ నిలబెడతామంటూ ఇరవై కుట్టుమిషన్లు దిగాయి. షరతు ఒకటే: కుట్టు బొత్తిగా రానివాళ్లకే ఇస్తారు, నేర్పి మరీ ఇస్తారు. పనొచ్చినవాళ్లు ఎలాగోలా బతుకుతారట. పొద్దుట్నుంచి పంతొమ్మిది వెళ్లిపోయాయి. మిగిలిందొక్కటి. అది ఇంటికి రాకపోతే రేపట్నుంచి కోడలు పసిబిడ్డను చంకనేసుకుని రాళ్లు కొట్టడానికి పోవాలి.

“కంపెనీలో ఏం చేసేదానివమ్మా?” అడిగాడు అధికారి.

“ఊడ్చేదాన్ని.”

“అదీ సంగతి. ఒక్క పని నేర్చుకుని ఉంటే ఈ గతి పట్టేదా? మనిషన్నాక తపన ఉండాలి.”

తపన గురించి చెబుతున్న పెద్దమనిషి చొక్కా కాలరు ఒకవైపు గోరంత పొడుగు. దాన్ని చూసేకొద్దీ ఆమెకు మరింత మండింది. కోపాన్ని పంటి బిగువున ఆపుకుని పెడలు తొక్కింది. గుడ్డ అటు జరిగింది, ఇటు జరిగింది, మధ్యలో ముడిపడింది.

పిల్ల గుడ్డ ఎత్తి చూపించింది. “ఇది కుట్టా, పాము పాకిన జాడా? సార్, ఈవిడకు నేర్పేసరికి నా తలప్రాణం తోకకొస్తుంది.”

అధికారి మళ్లీ నవ్వాడు. గోడవారన కూర్చున్న ఊరి ఆడవాళ్లు మాత్రం ఒక్కరూ నవ్వలేదు. తలలు దించుకున్నారు.

ఆమె కత్తెర బల్ల మీద విసిరికొట్టి లేచిపోదామనుకుంది. కోడలి చంకలో బిడ్డ గుర్తొచ్చి ఆగిపోయింది.

“సరే, ఈవిడకే రాసేద్దాం. దారం తెంపి ఆ గుడ్డ ఇటు తే, ఫైల్లో పెట్టాలి,” అన్నాడు అధికారి.

దారం తెంపే వంకతో పిల్ల ఆమె చెవి దాకా వంగి, “మేడమ్, చివరి నాలుగు కుట్లు తిన్నగా పడ్డాయి, విప్పేయండి,” అంది గుసగుసగా, ఆరేళ్ల కిందట కంపెనీలో ఇలాగే తిట్టి మరీ తనకు కుట్టు నేర్పిన సూపర్‌వైజరుతో.