కాలితో చెప్పాలి

2064 నవంబరు ఏడున, పెసరట్టు తిని కాఫీ తాగిన ధైర్యంతో ముకుందరావు తన మొదటి జీపు కొన్నారు. తమంతట తామే నడిచే కార్లు, మ్యాపులో దారి లేదంటూ ఘాట్ రోడ్డు మొదట్లోనే ఆగిపోతున్నాయి. పైన కొండ ఊళ్లో పంతులమ్మగా ఉన్న కూతురు హైమకేమో నెలలు నిండాయి.

మెకానిక్ దేముడు వారం రోజులు కష్టపడి ఆ ముసలి బండికి కొత్త బ్రేకులు వేశాడు. తెల్లారితే హైమను కాన్పుకు తీసుకురావడానికి ప్రయాణం. ఆ సాయంత్రం షెడ్డు ముందు వాలులో ముకుందరావు తొలిసారి దాన్ని నడిపారు. బండి జోరందుకోగానే, మాట వింటే ఆగే కార్ల అలవాటుకొద్దీ "ఆగమ్మా, ఆగు" అన్నారు. అది ఆగలేదు. అదృష్టం బాగుండి ఎదురుగా ఇసుక కుప్ప ఉంది.

"దీనికి సెవుల్లేవు బాబూ. కాలితో సెప్పాల," అన్నాడు దేముడు, బంపరు మీది ఇసుక దులుపుతూ.

"చివర్లో తొక్కాను కదయ్యా."

"తొక్కలేదు. పెద్దోళ్ల కాళ్లు ఒత్తినట్టు ఒత్తారు. గట్టిగా తొక్కండి, అదేటీ అనుకోదు."

చీకటి పడేలోగా పన్నెండుసార్లు ఆ వాలు దిగారు. రెండుసార్లు మళ్లీ నోటితోనే ఆపబోయారు. ఆ రెండూ ఘాట్ మలుపుల్లో అయితేనో అనుకుని, ఆగి ఉన్న బండిలోనే బ్రేకు మరో నాలుగుసార్లు గట్టిగా తొక్కారు.

అంతలో హైమ ఫోను చేసింది. "నాన్నా, రేపటికి కొండెక్కే కారేదైనా దొరికిందా?"

"కారు రాదమ్మా. జీపు నడుపుకుంటూ నేనే వస్తున్నాను."

"అయితే మెల్లగా రా నాన్నా," అంది.

దేముడు జీపును షెడ్డులోకి చేర్చి, చక్రం కింద రాయి పెట్టి, దాన్ని నిద్రపుచ్చినట్టు చప్పుడు కాకుండా తలుపు మూశాడు.