ఇరవై ఏడుకు ఇరవై ఏడు

"బడి తెరిస్తే నేను రాజీనామా ఇచ్చి వెళ్ళిపోతాను మేడమ్," అంది రేవతి.

హెడ్మిస్ట్రెస్ సుశీలమ్మ కళ్ళజోడు తీసి ఆమె వైపు చూసింది. కుప్పం పక్కనున్న ఆ చిన్న బడికి ఉన్నదే ముగ్గురు టీచర్లు. అందులో ఒకరు రాజీనామా అంటే మాటలా? పైనుంచి వచ్చిన కాగితం బల్లమీద ఉంది. కరోనా చూసుకుని బడి తెరుస్తారో, ఫోన్లో పాఠాలు చెబుతారో మీరే తేల్చుకోండని దాని సారాంశం. పైవాళ్ళు చక్కగా చేతులు దులుపుకుని వీళ్ళ నెత్తిన పడేశారు.

"సగం మందిని ఒకరోజు, సగం మందిని ఒకరోజు పిలుద్దాం. బెంచీకి ఒకరు. కిటికీలన్నీ తీసి పెడదాం," అంది సుశీలమ్మ.

"బెంచీకి ఒకరు సరే. కుళాయి దగ్గర ఎవరు పట్టుకుంటారు వాళ్ళను? ఒక్క బిడ్డకు అంటుకుంటే ఆ తల్లికి జవాబు ఎవరు చెప్తారు, మీరా నేనా?"

"సగం ఇళ్ళల్లో ఫోన్లు లేవే తల్లీ. ఉన్నవాటిని మగవాళ్ళు పనికి ఎత్తుకుపోతారు."

"చదువు పోతే మళ్ళీ చెప్పుకోవచ్చు మేడమ్. ప్రాణం పోతే?"

సుశీలమ్మ కాగితం మీద 'ఆన్‌లైన్' అని రాసి సంతకం పెట్టింది. "నా మనసు ఒప్పలేదని మాత్రం గుర్తుపెట్టుకో," అంది. ఫోన్ పాఠాలు చెప్పే పని మూడో టీచరు హరీష్ మీద పడింది.

మొదటి వారం రేవతి తలెత్తుకోలేకపోయింది. బడికి వచ్చేదంతా గుడుపల్లె దారిలో ఉన్న ఒక్క పల్లె నుంచే, మొత్తం ఇరవై ఏడు మంది పిల్లలు. ఫోన్లో పలికింది ముగ్గురు. సుశీలమ్మ పల్లెత్తు మాట అనలేదు. అనకపోవడమే రేవతిని ఎక్కువ పొడిచింది.

రెండో వారం అంతా మారిపోయింది. సోమవారం హరీష్ హాజరు కాగితం తెచ్చి బల్లమీద పెట్టాడు. ఇరవై ఏడుకు ఇరవై ఏడు. మంగళవారమూ అంతే, బుధవారమూ అంతే.

"నువ్వే రాసేస్తా ఉండావా ఏమప్పా?" అంది సుశీలమ్మ నమ్మలేక.

"లేదు మేడమ్. పేరు పిలిస్తే ప్రెజెంట్ సార్ అని పలుకుతా ఉండారు. వాళ్ళ గొంతులు నాకు తెలీవా."

రేవతి ఇంకేమీ అడగలేదు. గెలిచినవాళ్ళు ఎక్కడ అడుగుతారు? ఆ సాయంత్రం ఇంటికి పోతూ అర కిలో మైసూర్‌పాక్ కూడా కొనుక్కుంది.

గురువారం పొద్దున అభ్యాసాల కాగితాలు పంచడానికి ఆమే స్కూటీ మీద పల్లెకు బయలుదేరింది. ఒకదానిమీద ఒకటి రెండు మాస్కులు, సంచిలో శానిటైజర్ సీసా. పదిన్నరకు ఊళ్ళో అడుగుపెడితే వీధిలో ఒక్క పిల్లకాయ లేడు. పెద్దవాళ్ళు టమోటా కోతలకు పోయినట్టున్నారు. ఎవరింట్లో వాళ్ళు బుద్ధిగా పాఠం వింటున్నారు, బంగారు తండ్రులు అనుకుంది.

అప్పుడు కనిపించాయి చెప్పులు. వీధి చివరి రేకుల ఇంటి ముందు చిన్న చిన్న చెప్పులు కుప్ప పోసినట్టు పడి ఉన్నాయి. తలుపు మూసి ఉంది. రేవతి తోసింది.

ఇరవై ఏడు మందీ అక్కడే ఉన్నారు. ఇరుకు గదిలో భుజానికి భుజం రాసుకుంటూ, చోటు చాలక ఒకరి ఒళ్ళో ఒకరు. కిటికీకి గోనెపట్ట కట్టి ఉంది. ఒక్క మూతికీ మాస్కు లేదు. నడుమ బోర్లించిన బిందె మీద ఒకే ఒక ఫోను, అందులోంచి హరీష్ గొంతు పదిహేడో ఎక్కం చెబుతోంది.

బెంచీకి ఒకరు కూడా ప్రమాదమని కొట్లాడిన మనిషి ఆమె.

"ఏం పని ఇది? ఎవరిండ్లల్లో వాళ్ళను ఉండమంటే అందరూ ఈడ యాల చేరినారు?"

ఐదో తరగతి రోజా భయంగా లేచి నిలబడింది. "పగటిపూట ఊర్లో ఉండే పెద్ద ఫోను ఇదొక్కటే మేడమ్. మిగతావి నాయినోళ్ళు పనికి ఎత్తుకపోతారు, పోయిన వారం ఇండ్లల్లో ఉండిన మూడు కూడా."

"ఆ కిటికీ యాల మూసినారు?"

"ఎలుతురు పడితే ఫోనులో బొమ్మ అవపడదు."

రేవతి గోనెపట్ట లాగి పారేసింది. అందరినీ వీధిలోకి తోలి, చెయ్యి చాపినంత దూరంలో నిలబెట్టింది. ఇరవై ఏడు మందీ ఒకే ఫోను నుంచి పలుకుతున్నారని హరీష్‌కు తెలిసే ఉంటుంది. ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. తిడదామని నోరు తెరిచిందిగానీ, నోటు పుస్తకాలు గుండెకు హత్తుకుని బిక్కమొహాలతో నిలబడ్డ పిల్లల్ని చూసి కళ్ళు చెమర్చాయి. ఏం చేశారని వీళ్ళు, చదువుకుందామనుకున్నారు, అంతేగా.

"ఈ ఇల్లెవరిదే?"

"మునెప్ప తాతది మేడమ్. ఫోనూ తాతదే. పోయిన వారం టమోటా లోడుతో దినామూ మదనపల్లెకు పోతా ఉండె, ఫోనూ ఆయన జోబీలోనే పోతా ఉండె. ఈ వారం మాకిస్తాండాడు."

ఊరి పిల్లలకంతా ఫోనూ ఇచ్చి, ఇల్లూ ఇచ్చిన మనిషి. రేవతి కోపం సగం దిగిపోయింది. పిల్లల్ని కేకలేసేందుకు ఎప్పుడు కిందికి లాగిందో, మాస్కులు రెండూ గడ్డం మీదే ఉన్నాయి.

"తాతను ఒకసారి పిలువమ్మా. ఆయనకు దండం పెట్టి, రేపట్నుంచి ఇట్లా వద్దని చెప్పి పోతాను."

రోజా ఇంటి లోపల మూసి ఉన్న ఇంకో తలుపు వైపు చూపించింది.

"తాత ఆ గది దాటి రాకూడదు మేడమ్. కరోనా వచ్చిండాది, పద్నాలుగు దినాలు ఇల్లు కదలొద్దని నర్సమ్మ సెప్పి పోయినాకనే గదా మాకు ఫోను దొరికింది."