లినేయా వంతు

"ఐస్, కాగితం పళ్లేలు. అంతే లినేయా, ఇంకేం తేవద్దు," అంది నేడీన్ ఫోన్‌లో.

లినేయా పళ్లు కొరుక్కుంది. ఆ కుటుంబంలో థాంక్స్ గివింగ్ పండగకి ఎవరేం వండాలో పంచేది అన్న భార్య నేడీనే. చేయి తిరిగినవాళ్లకి టర్కీ కోడి, ఓ మోస్తరు వాళ్లకి బంగాళాదుంపలు. ఐస్ తెమ్మన్నారంటే, నీ చేతి తిండి మా బల్ల మీదికి రాకూడదని మర్యాదగా చెప్పడమే. రెండేళ్లుగా లినేయా ఐస్ మోస్తూనే ఉంది.

"ఈసారి టర్కీ నేను వండుతా."

"ఓరిన్‌తో మాట్లాడు," అని ఫోన్ మొగుడి చేతిలో పెట్టేసింది నేడీన్.

"ఏంటే లినీ, ఈ కొత్త పేచీ? టర్కీని ఈ ఏడు కూడా పెరట్లో నూనెలో వేయిద్దామనుకుంటున్నా నేను."

"కిందటేడు నీ నూనె పొంగి మెట్లన్నీ మసిబారాయి. పెద్ద మొనగాడివి!"

ఓరిన్ నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "అది కాదే. నీకు తెలుసుగా."

తెలియకేం? మూడేళ్ల కిందట ఇలాంటి పండగనాడే గడ్డకట్టిన టర్కీని అలాగే ఓవెన్‌లో పెట్టి, మందు సీసా ముందేసుకుని కూర్చుని, ఒళ్లు తెలియకుండా సోఫాలో పడిపోయింది. లేచాక ఆదరాబాదరా తీసి కోసింది. పైన ఎర్రగా కాలింది, లోపల పచ్చి. అది తిన్న కూతురు బ్రిటా ఆస్పత్రి పాలైంది. పిల్ల బతికి బయటపడింది గానీ తల్లి దగ్గర ఉండటానికి మళ్లీ రాలేదు, మేనమామ ఇంట్లోనే ఉండిపోయింది. ఆనాటి నుంచీ లినేయా చుక్క ముట్టలేదు. అయినా ఆదివారాలు చూడటానికి వచ్చినప్పుడు ఆ పదిహేనేళ్ల పిల్ల తన తిండి తనే సంచిలో తెచ్చుకుని, తల్లి ఎదురుగా కూర్చుని తిని పోతుంది. అంతకన్నా నాలుగు తిట్టి పోయినా బాగుండేది.

"ఒక్కసారి అది నా చేతి వంట తిననీ ఓరిన్. నీకు పుణ్యముంటుంది. ఇంకేమీ అడగను."

ఓరిన్ నిట్టూర్చాడు. "సరే. ఇంట్లోనే వండి తీసుకురా."

లినేయాకి ప్రాణం లేచొచ్చింది. పండగకి రెండ్రోజుల ముందే టర్కీకి ఉప్పు పట్టించి ఫ్రిజ్‌లో మూత లేకుండా ఆరబెట్టింది. తోలు కింద వెన్న దట్టించింది. పండగ పొద్దున నేడీన్ ఫోన్ చేసింది.

"ఓవెన్ సంచిలో పెట్టావా?"

"సంచిలో పెడితే ఆవిరికి ఉడికిపోతుంది నేడీన్. తోలు కరకరలాడొద్దూ?"

"నేనెప్పుడూ సంచిలోనే చేస్తా. ఇంతవరకూ ఎవరూ చావలేదు." అనేసి నాలిక్కరుచుకుంది నేడీన్. "అంటే... నా ఉద్దేశం అది కాదు."

లినేయా ఆ మాట మింగేసింది. ఓవెన్ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. లోపల ఉడికిందో లేదోనని టర్కీ తొడలో థర్మామీటర్ గుచ్చి చూసింది, రొమ్ములో గుచ్చి చూసింది, నమ్మకం చాలక మళ్లీ తొడలో గుచ్చింది.

డులూత్ వీధుల్లో మంచు దంచికొడుతోంది. అన్న గుమ్మం ఎక్కేసరికి నేడీన్ ఎదురొచ్చి పళ్లెం అందుకుంది. "ఈ చలికి చల్లారిపోయుంటుంది. వేడి చేస్తాలే. నువ్వెళ్లి కూర్చో."

"కోయడానికి నేనూ..."

"ఓరిన్ కోస్తాడు. ఇవాళ నువ్వు అతిథివి."

వంటింటి తలుపు మూసుకుంది. ఇల్లంతా అప్పటికే ఘుమఘుమలాడుతోంది. నేడీన్ వంతు కూరలూ గ్రేవీ అయి ఉంటాయిలే అనుకుంది లినేయా.

కోసిన ముక్కలు పెద్ద పళ్లెంలో బల్ల మీదికి వచ్చాయి. లినేయా ఊపిరి బిగబట్టి కూతుర్నే చూసింది. బ్రిటా ముక్క వేసుకుంది. తుంచి లోపల పచ్చిగా ఉందేమోనని కూడా చూడలేదు. నోట్లో పెట్టుకుంది. ఇంకోటి వేసుకుంది. మరోటి కూడా.

"బాగుందమ్మా," అంది తలెత్తకుండా.

లినేయాకి కళ్లనీళ్లు ఆగలేదు. తుడుచుకుని తనూ ఓ ముక్క నోట్లో వేసుకుంది. "అయ్యో, ఎండిపోయిందే! కాస్త ముందు తీయాల్సింది నేను."

నేడీన్ మొహం ఎర్రబడింది. "ఏం ఎండలేదు. దివ్యంగా ఉంది."

"ఉప్పూ చాల్లేదు. రెండ్రోజులు పట్టించినా..."

"ఎవరికి చాల్లేదు? నోరు మూసుకుని తినవమ్మా!"

ఓరిన్‌కి పొలమారింది. ఇన్నాళ్లూ ఈ నేడీన్‌ని అపార్థం చేసుకున్నాను, నా వంటని నా కన్నా ఎక్కువ వెనకేసుకొస్తోంది అనుకుంది లినేయా. ఆ ధైర్యంతోనే కూతురి వైపు వంగి అడిగేసింది.

"క్రిస్మస్‌కి ఇంటికొస్తావా బంగారూ?"

బ్రిటా అత్త వైపు చూసింది. "చూద్దాంలే అమ్మా."

కిందటేడు ఇదే ప్రశ్నకి 'రాను' అని మొహం మీదే చెప్పింది. ఈసారి చూద్దామంది. కడుపు నిండిపోయింది లినేయాకి.

భోజనం చివర గుమ్మడికాయతో చేసిన 'పై' అనే తీపి వంటకం బల్ల మీదికి వచ్చింది. "క్రీమ్ ఏదీ?" అన్నాడు ఓరిన్ అలవాటుగా.

"గరాజ్ ఫ్రిజ్‌లో ఉంటుందిగా, నేను తెస్తా," అని లేచింది లినేయా.

"వద్దమ్మా! నేను తెస్తా, నువ్వు కూర్చో!" కుర్చీ వెనక్కి పడేలా లేచింది బ్రిటా.

"చాల్లే, నువ్వు కూర్చో. ఇవాళ నీకు నా చేత్తో వడ్డించనీ."

కూతురు వెనకనుంచి పిలుస్తున్నా ఆగకుండా, నవ్వుకుంటూ గరాజ్‌లోకి వెళ్లి ఫ్రిజ్ తలుపు తీసింది.

కింది అరలో ఆమె వండి తెచ్చిన టర్కీ, కత్తి గాటైనా పడకుండా, తెచ్చిన పళ్లెంలోనే ఉంది.