మధ్యాహ్నం లైను

“ఇంట్లో ఇన్ని ప్లగ్గులుండగా ఆవ నూరడానికి మీకిదే దొరికిందా అత్తయ్యా?” పీకేసిన నెట్టు పెట్టె వైరు చేత్తో పట్టుకుని అడిగింది శ్రావణి.

“వంటింట్లో ప్లగ్గు కాలిపోయి నెలయ్యింది. నీ మొగుడికి సెప్పు,” అంది తాయారు మిక్సీ మూత తీస్తూ. “అయినా నెట్టు పెట్టె ఓ నిమిషం ఆపితే ఏటవుతాది? మళ్ళీ ఎట్టుకో.”

ఆవిడకి తెలియనిది అదే. పెట్టె ఆగితే, పొద్దుటినుంచీ దిగుతున్న ఫైలు పోయినట్టే. మళ్ళీ మొదటికి రావాలి. పాతపట్నంలో ఆ లైను వేగానికి అదో తపస్సు.

ఊళ్ళో ఓ ప్రైవేటు బడిలో కంప్యూటర్ల గదికి తాళం పడింది. పాత విండోస్‌ని ఆ ఏప్రిల్‌తో కంపెనీ వదిలేసింది. కొత్తదాన్ని ఆ ముసలి మిషన్లు మోయలేవు. ఉచితంగా దొరికే లినక్స్ అయితే వాటిమీద తేలిగ్గా నడుస్తుందని శ్రావణి బడి యజమానికి చెప్పింది. సోమవారం ఒక్క మిషను నడిపి చూపించమన్నాడాయన. నడిస్తే కంప్యూటరు టీచరు ఉద్యోగం ఆమెదే. లేకపోతే మిషన్లన్నీ పాతసామాన్లవాడికే. పెళ్ళయి ఈ ఊరొచ్చాక, ఆమె చదువు గురించి అడిగిన మొదటి మనిషి ఆయన.

భర్త ధర్మేంద్ర సరుకు కోసం శ్రీకాకుళం వెళ్ళినప్పుడు కంప్యూటరు షాపుల్లో లినక్స్ అడిగి చూశాడు. అందరూ దొంగ విండోస్ సీడీలే చేతిలో పెట్టబోయారు. ఇక దాన్ని నెట్టులోంచి దింపుకోవడమే శ్రావణికి మిగిలిన దారి.

మామగారు జగన్నాధానికి ఇదంతా నచ్చినట్టు లేదు. ఇంటి ముందు భాగంలోనే ఆయన కిరాణా దుకాణం. లెక్కలకని అక్కడా ఓ కంప్యూటరుంది. ఇంట్లోని నెట్టు వైరే అక్కడికీ వెళుతుంది.

“ఊరంతా విండోసే వాడతన్నారు. నీకీ కొత్త గోలేటమ్మా?” అన్నాడు ఆ పూట. “ఏటన్నావు దాని పేరు?”

చెప్పింది. ఆయన మళ్ళీ అడిగాడు. చిన్నబుచ్చుకుని మళ్ళీ చెప్పింది.

మర్నాటినుంచి తాయారు ఆవ రోట్లో నూరింది. సణుగుతూనే నూరింది. అయినా లైను మెరుగుపడలేదు సరికదా, ఇంకా నీరసించింది. తెరమీద గీత కదిలినట్టే కదిలి ఆగిపోయేది. ఇంకెవరో లైను వాడుకుంటున్నారని శ్రావణికి అర్థమైంది.

ఓ మధ్యాహ్నం దుకాణంలోకి వెళ్ళి చూసింది. షట్టరు సగం దించి, జగన్నాధం కంప్యూటరు ముందు కూర్చునున్నాడు. కోడలిని చూడగానే తెర ఆర్పేశాడు.

“నెట్టు వాడుతున్నారా మావయ్యా?”

“పప్పుల ధరలు సూస్తన్నాను.”

తాయారు ఆ మాట నమ్మలేదు. ధరలు చూసేవాడికి తెర ఆర్పే పనేముందని, ఈ వయసులో సినిమాలు మరిగాడని తేల్చేసింది. కాస్త ఆపమని ఇంటిపెద్దకి ఎలా చెప్పాలో శ్రావణికి తోచలేదు.

శనివారం భోజనాలయ్యేసరికి సగం పైగా దిగింది. అంతలో లైను తెగింది. ఈసారి ఆమె మళ్ళీ మొదలుపెట్టలేదు. కంప్యూటరు కట్టేసి, గుడ్డ కప్పి, బడి యజమానికి ఏం చెప్పాలో మనసులో కూడబలుక్కుంటూ సాయంత్రందాకా బట్టలు మడతపెట్టింది.

ఆదివారం అందరూ కలిసి భోజనానికి కూర్చున్నారు. తాయారు పనసపొట్టు కూర వడ్డిస్తోంది.

“ఇయ్యాల్టితో దుకాణంలో నెట్టు తీసేస్తన్నాను,” అన్నాడు జగన్నాధం.

“సినిమాలు అయిపోనాయేటి?” అంది తాయారు. ధర్మేంద్ర నవ్వు ఆపుకున్నాడు. శ్రావణి తలెత్తలేదు. తీసేదేదో వారం ముందు తీసి ఉంటే బాగుండేదనుకుంది.

జగన్నాధం ఎడంచేత్తో జేబులోంచి పెన్‌డ్రైవు తీసి కోడలి కంచం పక్కన పెట్టాడు.

“రేపు బడికి పట్టుకెళ్ళమ్మా. వారమంతా నత్తలాగ పాకింది గానీ, నిన్న మద్దేన్నం లైను బలే పరిగెట్టింది.”

శ్రావణి చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. “ఇందులో ఏముంది మావయ్యా?”

“నువ్వు దింపుతన్న ఆ లినక్సే.”